బ్రేకేస్తే పక్కచూపులా?

కల్యాణదుర్గం నుంచి అనంతపురం వస్తున్నారనుకోండి. రోడ్డు ఖాళీ. ఉన్నట్టుండి గొర్రెల మంద రోడ్డెక్కింది. కాలు బ్రేకు మీద పడింది. కారు ఆగింది కానీ... ఆగేలోపు ఎవరో స్టీరింగు లాగేసినట్టు కుడివైపు తిరిగింది. ఎదురుగా లారీ లేదు కాబట్టి సరిపోయింది!

సాయంత్రం షెడ్డుకు తీసుకెళ్తే మాటలు దాదాపు ఇలాగే నడుస్తాయి.

‘‘అన్నా, బండి కుడిపక్కకు గుంజుతాంది.’’

‘‘ఎలైన్‌మెంట్ పోయింటాది సార్. చేయించండి, సరిపోతాది.’’

ఎలైన్‌మెంట్ అవుతుంది. డబ్బులూ అవుతాయి. మర్నాడు బ్రేకేస్తే మళ్లీ అదే కథ. అలాగని తప్పంతా మెకానిక్ మీద వేయలేం. ‘గుంజుతాంది’ అనే ఒక్క మాటలో మూడు నాలుగు వేర్వేరు రోగాలు దాక్కుని ఉంటాయి. మామూలుగా పోతున్నప్పుడు గుంజుతోందా? బ్రేకు తొక్కినప్పుడు మాత్రమేనా? తొక్కి వదిలేశాక కూడానా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసింది బండి నడిపే మనిషికే. షెడ్డులో నిలబెట్టిన కారు ఏమీ చెప్పదు.

బ్రేకుతో పని లేకుండానే కారు పక్కకు పోతుంటే మొదట చూడాల్సింది గాలి. ముందు చక్రాల్లో ఒకదానికి ఏడెనిమిది పౌండ్లు తగ్గితే చాలు, కారు ఆ వైపు మొగ్గుతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. అనంతపురం ఎండలో ఒక పక్క నీడ, ఒక పక్క ఎండ పడేలా కారు నిలిపితే ఎండవైపు టైర్లు రెండు పౌండ్లు ఎక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు.

గాలి సరిగ్గానే ఉంటే ముందు టైర్లు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చి చూడాలి. ఇప్పుడు గుంజుడు కూడా రెండో వైపుకు మారిందా? దోషం టైరుదే. ఎన్నిసార్లు ఎలైన్‌మెంట్ చేయించినా దండగే. (టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా మార్చకూడదు.) ఇంకోటి... వాననీరు జారిపోవడానికి మన రోడ్లను అంచువైపు వాలుగా వేస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే జిల్లా అయినా వాలు తప్పదు. ఎడమవైపు నడిచే మన కార్లు కాస్త ఎడమకు జారడం అందుకే. అది రోగం కాదు. చదునైన ఖాళీ మైదానంలో నడిపి చూస్తే తేలిపోతుంది. ఇవన్నీ దాటాకే ఎలైన్‌మెంట్ వంతు.

ఇక అసలు సంగతి. మామూలుగా తిన్నగా పోయే కారు బ్రేకు తొక్కగానే కుడికి తిరిగితే దాదాపు అందరూ కుడిచక్రమే విప్పిస్తారు. సగం సందర్భాల్లో అక్కడ ఏమీ దొరకదు. ఎందుకంటే కుడిచక్రం తన పని తాను చేస్తోంది. పని ఎగ్గొడుతున్నది ఎడమది! జోడెద్దుల బండిలో ఒకటి ఆగి, రెండోది నడుస్తూ పోతే బండి ఎటు తిరుగుతుంది? ఆగిన ఎద్దు వైపే కదా. ఇదీ అంతే. బ్రేకు బలంగా పట్టిన వైపుకు కారు తిరుగుతుంది, జబ్బు మాత్రం అవతలి వైపు ఉండొచ్చు.

అయితే బ్రేకు వదిలాక కూడా అదే వైపు లాగుతుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఆ వైపు బ్రేకే పట్టుకుని వదలడం లేదన్నమాట. రెంటికీ తేడా తెలుసుకోవడానికి యంత్రాలక్కర్లేదు. నాలుగైదు కిలోమీటర్లు వీలైనంతవరకు బ్రేకు వేయకుండా నడిపి, దానంతటదే ఆగేలా వదిలేసి, దిగి, ప్రతి రిమ్ము దగ్గరా అరచేతి వెనకభాగం పెట్టి చూడాలి. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. ఒక చక్రం మాత్రమే సెగలు కక్కుతుంటే అదే దొంగ. మళ్లీ అదే దూరం ఈసారి బ్రేకులు వేస్తూ నడపాలి. ముందు చక్రాల్లో ఒకటి వేడెక్కి రెండోది చల్లగా ఉంటే, చల్లగా ఉన్నదే పని ఎగ్గొడుతున్నది.

డిస్కు బ్రేకుల్లో కాలిపర్ రెండు పిన్నుల మీద ముందుకీ వెనక్కీ జారాలి. ఎర్రమట్టి దుమ్ము చిరిగిన రబ్బరు తొడుగులోంచి దూరిందంటే గ్రీజుతో కలిసి పిండిముద్దలా గట్టిపడుతుంది. పిన్ను బిగుసుకుంటుంది. లోపలి ప్యాడు అరిగిపోయి, బయటిది కొత్తదానిలా మిగులుతుంది. ప్యాడ్లు మార్చి పిన్నులు వదిలేస్తే ఆర్నెల్లలో మళ్లీ అదే గొడవ. వాటిని విప్పి, తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజే పూయించాలి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుంది.

ఇంకో మాయరోగం రబ్బరు హోస్ పైపుది. పైకి బాగానే కనిపిస్తుంది. లోపల పొర ఊడి తలుపులా అడ్డం పడుతుంది. పెడల్ తొక్కితే ఆయిల్ లోపలికి పోతుంది, వదిలితే వెనక్కి రాదు. దీన్ని పట్టుకోవడం తేలికే. చక్రం జాకీ మీద లేపి, తిరగనంత బిగుసుకుని ఉన్నప్పుడు కాలిపర్ మీదున్న గాలి తీసే నిప్పిల్‌ను కాస్త వదులు చేయమనండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే లోపల ఒత్తిడి నిలిచిపోయిందని అర్థం, హోస్‌ను అనుమానించాలి. అప్పటికీ తిరగకపోతే పిస్టనో, పిన్నులో పట్టేశాయి. ఈ చిన్న పని చేయకుండానే కాలిపర్ కొనిపించేవాళ్లున్నారు.

‘మాది కొత్త కారు, ఏబీఎస్ ఉంది’ అనే ధీమా కూడా ఇక్కడ పనికిరాదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అదే ఏడాది పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. వేరుశనగ సీమ కార్ల సీమ కూడా అయింది. అయితే ఏబీఎస్ పని చక్రం బిగుసుకుని జారకుండా చూడటమే. మట్టి పట్టిన పిన్నును అది కదిలించలేదు.

బ్రేకులన్నీ సరిగ్గా ఉన్నా కారు తిరిగే సందర్భం ఒకటుంది. అది ఈ ప్రాంతం వాళ్లకే బాగా తెలుసు. వేరుశనగ కోతల కాలంలో పంటను రోడ్డు మీదే ఆరబోస్తారు. రాయదుర్గం వైపు, బొమ్మనహాళ్, కణేకల్లు దారుల్లో హగరి ఇసుక గాలికి లేచి వస్తుంది. ఎడమ చక్రాలు కాయల మీదో, ఇసుక మీదో, కుడి చక్రాలు తారు మీద. ఆ క్షణంలో బ్రేకు గట్టిగా తొక్కితే పట్టు దొరికిన కుడివైపుకు, అంటే ఎదురొచ్చే లారీ వైపుకే కారు తిరుగుతుంది. దీనికి షెడ్డులో మందు లేదు. దూరంగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి, నాలుగు చక్రాలూ ఒకే రకం నేల మీదికి వచ్చాకే గట్టిగా తొక్కాలి.

షెడ్డులో రెండు మాటలు మాత్రం గట్టిగా అడగాలి. ప్యాడ్లు, లైనర్లు ఒక పక్కకే కాదు, జతగా మార్చాలి. బ్రేకు ఆయిల్ మూత మీద రాసిన రకమే పోయాలి. గాలిలో తేమ పీల్చుకునే గుణం దానిది. డాట్-3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. పట్టేసిన చక్రం పక్కన ఆ వేడి ఎంతసేపు?

పెడల్ మెత్తగా కిందికి దిగిపోతున్నా, చక్రం లోపలి పక్క తడిగా కనిపించినా షెడ్డు దాకా నడపొద్దు. ఫోన్ చేసి మెకానిక్‌నే రమ్మనండి.