వీసా కాగితం మగవాళ్ల సొత్తా?

ఐదు వందల చీర కొనడానికి మనం కొట్టంతా తిరగేస్తాం. అంచు చూస్తాం, రంగు పోతుందా అని అడుగుతాం, చివరకు యాభై తగ్గించమని బేరమాడతాం. అదే, ఇంటాయన దుబాయి ప్రయాణానికి లక్షన్నర పోసి తెచ్చిన వీసా కాగితాన్ని మాత్రం దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. అందులో ఏముందని అడగం. అడిగితే "నీకేం తెలుసు, ఊరుకో" అంటారని మనకు ముందే తెలుసు!

ఈ ఊరుకోవడం మీదే నా పోట్లాట.

నిర్మల్, జగిత్యాల వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని పల్లె అరుదు. మా ఉట్నూరు నుంచీ వెళ్తున్నారు. ఆ డబ్బు ఎక్కడిది? చాలా ఇళ్లలో ఇల్లాలి మెడలోదే. పుస్తెలతాడు కుదువకు పోతుంది, మెడలో పసుపుతాడు మిగులుతుంది. పెట్టుబడి మనది, కాగితం మాత్రం వాళ్లదట! ఇదెక్కడి న్యాయమమ్మా?

చదివితే ఏం తెలుస్తుందో వినండి. విజిట్ వీసా అంటే చుట్టపుచూపు కాగితం. దానిమీద పనిచేయడం అక్కడ నేరం. ఇక 'ఆజాద్ వీసా' అని మురిపిస్తారే, అలాంటి వీసా చట్టంలోనే లేదు. కాగితంలో యజమాని ఒకరు, పని మరొకరి దగ్గర. పట్టుబడితే జరిమానా, జైలు. ఆజాదీ పేరులోనే!

పదో తరగతి పాసు కానివారిది ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు. వాళ్లు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఆ ఆఫీసు హైదరాబాదులోనే ఉంది. "విజిట్ వీసాకు ఆ తలనొప్పి లేదు" అంటాడు ఏజెంటు. నిజమే, లేదు. ఆ అనుమతితో వచ్చే ప్రవాసీ భారతీయ బీమా కూడా లేదు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు ఇచ్చే ఆ బీమాకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు. మన చీర ఖరీదులో సగం!

లైసెన్సున్న ఏజెంటు పుచ్చుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, పైన జి.ఎస్.టి. దానికి రసీదు ఇవ్వాలి. మరి ఆ లక్షన్నర దేనికి?

"పాపం, ఆయన వెళ్లేది మనకోసమే కదా, తగువెందుకు?" అంటారేమో. మనకోసమే. అందుకే అడగమంటున్నాను. ప్రశ్నిస్తే ప్రయాణానికి అపశకునం కాదు. అడగకపోవడమే అసలు అపశకునం.

వీసా ఏ రకం? జీతం ఎంతని ఒప్పందంలో రాశారు? ఏజెంటు లైసెన్సు నంబరు ఏది? ఈ మూడూ అడగండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు మీ ట్రంకుపెట్టెలో దాచండి. రేపు ఆయనకు కష్టమొస్తే ఎంబసీకి అర్జీ పెట్టాల్సింది మీరే.

సరైన జవాబు వచ్చేదాకా మెడలో తాడు తీయకండి.