చలి వేరు, ఏరు వేరు



ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒక రాత్రి క్యాంప్‌కి తీసుకెళ్తున్నామని కన్సెంట్ ఫారం పంపిన సాయంత్రమే మన వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు మొదలయ్యాయి. వేడినీళ్లు ఉంటాయా? రాత్రి భోజనంలో కూరలు ఎన్ని? మంచాలు వేస్తారా, కిందే పడుకోవాలా? మా పాప పెరుగు లేకపోతే ముద్ద ముట్టదు, ఏర్పాటు ఉందా? అన్నింటికీ ఓపిగ్గా జవాబులు రాశాం. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. అక్కడికి దగ్గరలో నీళ్లున్నాయా, ఉంటే పిల్లలు అటు వెళ్లకుండా ఎవరు చూస్తారు?

అడగకపోయినా మేం చూసుకున్నాం, ఆ సంగతి తర్వాత చెబుతాను. కానీ అచ్చంపేట మండలంలో ఉన్న మనకు ఆ ప్రశ్న తట్టకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. పిల్లలకు ఇబ్బంది కలగకూడదని మనం పడే తపన చాలా ఎక్కువ. ప్రమాదం గురించి పడే తపన అందులో సగం కూడా లేదు. రెండూ ఒకటే అనుకుంటున్నాం. నా అభిప్రాయం అడిగితే, క్యాంప్‌లో మొదటిది పిల్లలకు పూర్తిగా వదిలేయాలి, రెండోది పెద్దవాళ్లం పూర్తిగా చేతిలో పెట్టుకోవాలి.

ఆ క్యాంప్ పిల్లలకే కాదు, నాకూ మొదటిదే. బీఈడీలో లెసన్ ప్లాన్లు కట్టలు కట్టలు రాశాం గాని టెంటు వేయడం ఎవరూ నేర్పలేదు. డిసెంబరులో, అమరావతి వెళ్లే దారిలో ఒక రైతు మామిడి తోట. ముప్పై మంది పిల్లలు, ఐదుగురు టీచర్లు. టెంట్లు వేయడం, వంట, అంట్లు అన్నీ పిల్లలే చేయాలని ముందే అనుకున్నాం.

టెంటు మేకుని నిటారుగా దిగ్గొడితే తాడు బిగించగానే ఊడి చేతికొస్తుంది. మేకు తల టెంటుకు అవతలి వైపు వాలి ఉండేలా కొట్టాలి. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పకుండా ఊరుకుంటే వాళ్లే కనుక్కోవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు నోరు మూసుకుని నిలబడటం టీచర్లకు ఎంత కష్టమో మీరు ఊహించలేరు. మా ఉద్యోగమే చెప్పడం కదా!

రాత్రి అందరూ చేసిన పొరపాటు ఒకటే. తెచ్చుకున్న రెండు దుప్పట్లూ పైన కప్పుకున్నారు. శరీరంలోని వేడిని లాగేసేది కింద ఉన్న చల్లటి నేల, పైన ఎన్ని కప్పినా ఆగదు. ఒక్క అబ్బాయి మాత్రం తోట యజమానిని అడిగి వరిగడ్డి తెచ్చి కింద పరిచి, పైన పట్టా వేసుకుని హాయిగా నిద్రపోయాడు. పొయ్యి రాజుకోక అందరూ కళ్లు నులుముకుంటుంటే పక్క చేలో నుంచి ఎండిన పత్తికట్టె తెచ్చి అంటించింది కూడా వాడే. వాళ్ల నాన్నగారు మిరప, పత్తి వేసే రైతు. క్లాసులో వాడిది చివరి బెంచీ. సోమవారం మళ్లీ చివరి బెంచీలోనే కూర్చున్నాడు. మా ప్రోగ్రెస్ కార్డులో ఆ రాత్రి వాడు చేసింది రాయడానికి ఒక గడి కూడా లేదు. ఇది మెచ్చుకోలుగా చెప్పడం లేదు, మన కార్డుల మీద ఫిర్యాదుగానే చెబుతున్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి ఒక టెంటులో నుంచి వాన పడుతోందని గోల. బయటికి వచ్చి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. చలికి భయపడి టెంటుకున్న గాలి కిటికీలన్నీ మూసేశారు. ఆరుగురి ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి బొట్లు బొట్లుగా వాళ్ల మీదే రాలుతోంది. సాంద్రీకరణ అంటే ఏమిటో యూనిట్ టెస్టులో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే. తడిసిన దిండు పట్టుకుని, "మేడమ్, ఇదేనా అది!" అన్నారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం ఎందుకు చెప్పిందో ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది.

అన్నం అడుగు మాడింది. పప్పులో ఉప్పు ఎక్కువైంది. తిన్నారు. అదే సమయానికి ఒక పేరెంట్ కారులో బిర్యానీ పార్శిల్‌తో గేటు దగ్గరికి వచ్చారు, "మా బాబు పప్పు తినడు మేడమ్" అంటూ. ఆ బాబు అప్పటికే రెండోసారి వడ్డించుకున్నాడు. పార్శిల్ గేటు దగ్గరే ఉంచి, కాఫీ ఇచ్చి పంపించాం. దయచేసి అలా రాకండి. ఒక పిల్లవాడికి బిర్యానీ వస్తే మిగతా ఇరవై తొమ్మిది మంది వండిన పప్పు ఒక్క క్షణంలో పనికిరానిదైపోతుంది.

స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో వేసిన మొదటి క్యాంప్‌కి దాదాపు ఇరవై మంది కుర్రాళ్లను తీసుకెళ్లారు. ఖరీదైన స్కూళ్లలో చదివేవాళ్లనీ, కార్మికుల పిల్లలనీ కలిపి చిన్న చిన్న దళాలు చేసి, ఒక్కో దళానికి వాళ్లలోనే ఒకణ్ని నాయకుడిగా పెట్టారు. ఆ పద్ధతి నూరేళ్లు దాటినా నిలబడిందంటే, అందరికీ ఒకే అన్నం, ఒకే నేల కావడం కూడా ఒక కారణమని నా నమ్మకం. ఈ మధ్య రిసార్టులో ఏసీ గది, బఫే, డీజే పెట్టి దాన్నే క్యాంప్ అంటున్నారు. వాటికి డబ్బు కట్టకండి. మా మేనేజ్‌మెంట్ వారు ఏమంటారో గాని, ఆ డబ్బుతో పిల్లలు నేర్చుకునేది ఏమీ లేదు.

నిజానికి ఆరుబయట పడుకోవడం మన పల్నాడుకి కొత్తా? ఫిబ్రవరి వస్తే మిరప కల్లాల్లో కాయకు కాపలాగా రాత్రిళ్లు పడుకునే తాతలు మీ ఇళ్లలోనే ఉన్నారు. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు ప్రభలతో వెళ్లి అక్కడే తెల్లవార్లూ ఉండే ఊళ్లు ఎన్నో. పిల్లల్ని తాతగారి దగ్గర కూర్చోబెట్టి ఆ కబుర్లు చెప్పించండి, మేం చెప్పేదానికన్నా ఎక్కువే నేర్చుకుంటారు.

ఇక్కడే ఒక పాప అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. మిరప కోతలకు ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చే కూలీ కుటుంబాలు చేల పక్కన పట్టాలతో గుడిసెలు వేసుకుని ఉంటాయి కదా. బస్సులో వస్తూ వాటిని చూసి, "మేడమ్, వాళ్లు కూడా క్యాంప్‌లోనే ఉన్నారా?" అంది. బస్సులో ఎవరూ నవ్వలేదు. మనం ఫీజు కట్టి ఒక రాత్రి ఉన్నట్టు వాళ్లు కోతలు అయ్యేదాకా ఉంటారనీ, వాళ్లలో నీ వయసు పిల్లలు చాలామందికి ఆ రోజుల్లో బడి పోతుందనీ చెప్పాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ ఇంట్లో మళ్లీ అడిగితే మాట మార్చకుండా జవాబు చెప్పండి. ఆ కూలీలు పనిచేసే చేలల్లో కొన్ని మీవే.

ఇప్పుడు ప్రమాదం సంగతి.

మాదిపాడు మన మండలమే. 2021 డిసెంబరులో అక్కడ కృష్ణలో దిగిన వేదపాఠశాల విద్యార్థులు ఐదుగురు, వారి గురువు ఒకరు మునిగి చనిపోయారు. ఆ రోజు మన ఊరు ఎలా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు, 2014 జూన్ 8న, హైదరాబాద్ నుంచి హిమాచల్ వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వారితో వెళ్లిన టూర్ నిర్వాహకుడు ఒకరు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగలేదు. రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే ఎగువన డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు వచ్చిపడ్డాయి. మనకూ ఎగువన పులిచింతల ఉంది. గేట్లు ఎత్తినా, కరెంటు తయారీకి నీళ్లు వదిలినా దిగువన మట్టం మారిపోతుంది. మోకాలి లోతు అనుకున్న చోట పక్కనే ఇసుక తీసిన గుంట ఉండొచ్చు. ఈత వచ్చిన పెద్దవాళ్లకే అది కనపడదు.

అందుకే ఏటికి చాలా దూరంలో ఉన్న తోటను ఎంచుకున్నాం. సూర్యోదయం ఏటి ఒడ్డున చూద్దామని పిల్లలు బతిమాలారు. కుదరదన్నాం. అలిగారు. అలగనివ్వండి.

రెండోది పాము. మన చేలల్లో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అందుకని టెంటు దోమతెర జిప్ ఎప్పుడూ మూసే ఉండాలి, రాత్రి బయటికి వస్తే టార్చ్, బూట్లు తప్పనిసరి, బూట్లు దులిపే వేసుకోవాలి. కరిచిందన్న అనుమానం వచ్చినా కోయడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కదలనివ్వకుండా నేరుగా విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి. తోటలో రాత్రంతా ఒక వ్యాన్, మెలకువగా ఒక డ్రైవర్ ఉన్నది అందుకే. దాని గురించి కూడా ఎవరూ అడగలేదు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. మగపిల్లల ఫారాలు దాదాపు అన్నీ సంతకాలతో తిరిగొచ్చాయి. ఆడపిల్లలవి సగం కూడా రాలేదు. మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, నేనూ ఆడపిల్లనే. అయితే ఆ భయాన్ని ప్రశ్నలుగా మార్చి మమ్మల్ని నిలదీయండి. రాత్రి ఎంతమంది లేడీ టీచర్లు ఉంటారు? టాయిలెట్ ఎంత దూరం, దారిలో లైటు ఉందా? బయటివాళ్లు ఎవరు వస్తారు? జవాబు నచ్చకపోతే పంపకండి. అడక్కుండానే "ఆడపిల్ల కదా" అని ఫారం పక్కన పెట్టేయడం మాత్రం న్యాయం కాదు. నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. శిక్షణ, తాళ్లు, తోడుగా నిపుణులు అన్నీ పక్కాగా ఉన్నాయి. చలి, ఆకలి, ఇల్లు గుర్తుకురావడం మాత్రం ఆమే పడింది. మన పిల్లలు ఎవరెస్ట్ ఎక్కనక్కర్లేదు. మామిడి తోటలో ఒక రాత్రి పడుకుంటే చాలు.

తొమ్మిదో తరగతి వాళ్లకు క్యాంప్ ఫారాలు త్వరలో వస్తాయి. రెండు దుప్పట్లు పంపండి, ఒకటి కింద పరుచుకోవడానికని చెప్పి పంపండి. చిప్స్ ప్యాకెట్లు, ఫోన్ వద్దు. ఈత వచ్చో రాదో, మందుల అలర్జీ ఏమైనా ఉందో నిజం రాయండి. ఫారం వెనక పేజీ ఖాళీగా ఉంచమని ఆఫీసు వాళ్లకు చెప్పాను. మీ ప్రశ్నలన్నీ అక్కడ రాయండి, ఒక్కొక్కదానికీ నేనే ఫోన్ చేసి జవాబిస్తాను. కూరలు ఎన్ని అన్నది మాత్రం రాయకండి. పప్పు ఒక్కటే.