పాటకు వెల – పాటగానికి విలువ

ఖమ్మం జిల్లా కుసుమంచిలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం నేటికీ నిలిచి ఉంది. దానికి చేరువలోని నేలకొండపల్లి కంచర్ల గోపన్న జన్మస్థలం. 17వ శతాబ్దంలో భద్రాచల రాముని కీర్తించి ఆయన రామదాసుగా ప్రసిద్ధుడయ్యాడు. ఆ కీర్తనలు అమ్మకానికి పుట్టినవి కావు. అయినా వాటిని ఇంటింటికీ చేర్చినవి భజన మండళ్లు మాత్రమే కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రికార్డులు కూడా. 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ చలనచిత్రం రామదాసు కథను కొత్త తరానికి చేర్చింది. కాబట్టి వ్యాపారం కళకు పుట్టుశత్రువు అనడం న్యాయం కాదు.

అయితే పాటను మోసుకుపోవడం వేరు, తనకు తగినట్లు కత్తిరించడం వేరు. తొలినాటి గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. గంటల తరబడి సాగే గానం ఆ కొలతకు ఒదగవలసి వచ్చింది. నేటి సెల్‌ఫోను తెర అరనిమిషపు ముక్కనే కోరుతోంది. శ్రోతలు అడిగిందే ఇస్తున్నామని వ్యాపారులు అంటారు. కాని శాస్త్రీయ సంగీతమే ప్రాణంగా 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ ఘనవిజయం సాధించింది. శ్రోతల అభిరుచిని తక్కువగా అంచనా వేయరాదని ఆ చిత్రం చాటింది.

ఇక పాటగాని సంగతి. 2012లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం, సినిమా పాటను సినిమాహాలు వెలుపల వాడుకొన్నప్పుడు కవికి, స్వరకర్తకు రాబడిలో వాటా దక్కాలి. ఇది మేలైన అడుగే. కాని గోదావరి తీరపు అడవిపల్లెల పాటకు ఈ రక్షణ అందదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ సమ్మక్క–సారలమ్మల గాథలను, కోయల వంశగాథలను గానం చేశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. తరతరాలుగా నోటి నుండి నోటికి సాగిన ఆ గాథలకు కర్త ఒక్కరు కారు, జాతి అంతా కర్తయే. కర్త పేరు లేని పాటను ఎవరైనా ఎత్తుకొని అమ్ముకోవచ్చునా?

చట్టం అడ్డుపడకపోయినా ధర్మం అంగీకరించదు. జానపదుల పాటను వాడుకొన్నవారు అది ఏ జాతిదో, ఎవరు పాడినదో చెప్పాలి. రాబడిలో వారికి వాటా ఇవ్వాలి. ప్రభుత్వం అటువంటి గాథలను కత్తిరింపు లేకుండా రికార్డు చేయించి భద్రపరచాలి. పాటకు వెల కట్టడం తప్పు కాదు. ఆ వెలలో పాటగానికి చోటు లేకపోవడమే తప్పు.