బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టించండి

సంక్రాంతికి నెల్లూరో ఒంగోలో వెళ్లి వారం తర్వాత తిరిగొచ్చిన వాళ్లకు చెన్నై సెంట్రల్ బండ్ల స్టాండులో ఎదురయ్యే అనుభవమే ఇది. తాళం తిప్పి సెల్ఫు నొక్కితే టక్ టక్‌మని రిలే కొట్టుకోవడం తప్ప ఇంజిన్ కదలదు. చెమటలు కక్కుతూ మెకానిక్ దాకా తోసుకెళ్తే, సీటైనా ఎత్తకుండా ‘బ్యాటరీ పోయింది సార్’ అంటాడు. మారుస్తాం. కొన్నాళ్లకు కొత్తదీ అలాగే పడుకుంటుంది. బ్యాటరీ దానంతటది చచ్చిందా, ఏదైనా చంపుతోందా అన్నది ఎవరూ తేల్చరు.

ఈ ఊరి బండే ఒకప్పుడు ఆ సంగతి ముఖం మీదే చెప్పేది. 1955లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మద్రాస్ మోటార్స్‌తో కలిసి మొదలుపెట్టి, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారుచేసిన బుల్లెట్‌కు హెడ్‌లైటు పైనే అమ్మీటరు ఉండేది. ముల్లు మధ్యకు ఒకవైపుంటే బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతున్నట్టు, రెండోవైపుంటే దిగుతున్నట్టు. కిక్కు కొట్టేవాళ్లకూ అదే గురువు. కిక్కును మెల్లగా నొక్కుతూ ముల్లు మధ్యకు రాగానే డీకంప్రెషన్ లీవరు పట్టి పిస్టన్‌ను కాస్త దాటించి, అప్పుడు తన్నేవాళ్లు. లెక్క తప్పితే కిక్కు ఎదురుతన్ని పిక్క పగిలేది, అది వేరే కథ.

ఇప్పుడు చాలా బళ్లలో కిక్కు పోయింది, ముల్లూ పోయింది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు ఇంజిన్ తిరిగినంతసేపూ హెడ్‌లైటు వెలగాల్సిందే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బళ్లలో కార్బురేటర్ పోయి ఇంధన పంపు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు ఈసీయూ వచ్చాయి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసి స్టార్టు చేద్దామన్నా పంపు పనిచేయదు. దీనికి మన ట్రాఫిక్ తోడు. ఆర్కాటు రోడ్డులో పాకుతూ, సిగ్నలు సిగ్నలుకూ ఆపి మళ్లీ సెల్ఫు కొట్టే డెలివరీ కుర్రాడి బండి, ఖర్చయిన కరెంటును తిరిగి నింపుకునేంత వేగంగా తిరిగేదెప్పుడు? వేసవి కత్తిరి ఎండల్లోనైతే ఊరికే నిలబెట్టినా బ్యాటరీ మరింత త్వరగా ఖాళీ అవుతుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లకు టెర్మినళ్ల మీద తుప్పు పొడి అదనం.

అసలు దొంగ మాత్రం తరచూ మనం పెట్టించుకున్నదే. పుదుపేట స్పేర్‌పార్టుల షాపుల్లో బిగించిన ఫాగ్‌లైట్లు, ఫోను చార్జరు, జీపీఎస్ ట్రాకరు నేరుగా బ్యాటరీకి కలిపేస్తారు. తాళం తీసినా అవి తాగుతూనే ఉంటాయి. 40 మిల్లీ ఆంపియర్లే కదా అనుకోకండి. 8 ఆంపియర్-అవర్ల బ్యాటరీని అది 200 గంటల్లో, అంటే ఎనిమిది రోజుల్లో పీల్చేస్తుంది. పండగ సెలవులకు సరిగ్గా సరిపోతుంది!

పట్టుకోవడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. రాత్రంతా నిలబెట్టిన బండి బ్యాటరీ 12.6 వోల్టులకు పైగా చూపాలి. 12 కిందికి దిగితే ఖాళీ అయినట్టే. స్టార్టు చేసి యాక్సిలరేటరు పెంచితే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. తక్కువైతే లోపం చార్జింగు వైపు, 15 దాటితే రెగ్యులేటరు బ్యాటరీని ఉడికిస్తోందని అర్థం. చార్జింగు బాగానే ఉన్నా తెల్లారేసరికి దిగిపోతుంటే, తాళం తీసి నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ టెర్మినలుకూ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టండి. కొద్ది మిల్లీ ఆంపియర్లు మామూలే. పదుల్లో ఉంటే ఒక్కో ఫ్యూజు లాగుతూ, బ్యాటరీకి నేరుగా కలిపిన వైర్లు ఒక్కొక్కటే విప్పుతూ పోండి, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు. ఆ సమయంలో పొరపాటున కూడా సెల్ఫు నొక్కకండి, మీటరు కాలిపోతుంది. లైట్లూ చార్జరూ తాళంతో ఆగేలా రిలే పెట్టిస్తే సగం గొడవ వదులుతుంది. ఊరెళ్తుంటే నెగటివ్ వైరు విప్పి వెళ్లండి.

కంపెనీలను అడగాల్సింది కూడా ఉంది. కొన్ని మోడళ్లలో బ్యాటరీ తగ్గితే హెచ్చరించే గుర్తు ఉంది, చాలావాటిలో లేదు. ఫోనుకు బ్లూటూత్ కలిపే డిజిటల్ మీటరులో వోల్టేజీ అంకె ఒకటి చూపడం పెద్ద పనేం కాదు. కిక్కు తీసేసిన ప్రతి బండికీ అది తప్పనిసరి చేయాలి.

అంతవరకు, కొత్త బ్యాటరీకి డబ్బు తీసే ముందు మీటరు పెట్టి చూపమనండి. చూపనంటే పక్క షాపుకు నడవండి. జీపీ రోడ్డులో షాపులకు కరువు లేదు.