ఉంగరానికి దక్కిన కీర్తి

బడంగ్‌పేట్ పక్కనే బాలాపూర్. అక్కడ 1994లో గణేశుడి లడ్డూ 450 రూపాయలకు వేలంలో పోయింది. పాడుకున్నవాళ్లు దాన్ని పొలంలో చల్లారనీ, పంట విరగపండిందనీ చెప్పుకుంటారు. ఆ ఏడు వాన ఎంత పడిందని ఎవరూ అడగరు.

కంటికురుపుకు పెట్టే బంగారు ఉంగరానికీ కీర్తి ఇలాగే దక్కింది. అరచేతిలో రుద్ది, వేడి చల్లారకముందే రెప్పకు ఆనిస్తారు. వారం పది రోజుల్లో కురుపు చితికి మానిపోతుంది. ఉంగరం లేకపోయినా అది మానేదే. అలాగని మొత్తం కొట్టిపారేయలేను, వేడి మంచిదే. కాకపోతే దానికి బంగారం అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెడితే చాలు. చనుబాలు, పసరు, పులిపిరికి పెట్టే సున్నం మాత్రం కంటి దరిదాపులకు రాకూడదు. సున్నం నల్లగుడ్డును కాల్చేస్తుంది.

నొప్పి లేకుండా, బఠాణీ గింజలా రెప్పలో నిలిచిపోయేది వేరు. డాక్టర్లు కలేజియన్ అంటారు. రెప్ప అంచుకు నూనె అందించే మైబోమియన్ గ్రంథుల్లో ఒకటి పూడుకుపోతే వస్తుంది. గడ్డ అనగానే హడలిపోతాం గానీ ఇది అసలు కణితే కాదు. వారాల తరబడి కాపడం పెట్టినా కరగకపోతే మత్తు సూది వేసి, రెప్ప తిరగేసి, లోపలివైపు చిన్న గాటు పెట్టి గీకేస్తారు. బయటికి మచ్చ కనబడదు, అదే రోజు ఇంటికి రావచ్చు. కంటి మీద కత్తి పెట్టడం మన వైద్యం కాదనే పెద్దలున్నారు. సుశ్రుతుడు దీనికి లగణమని పేరు పెట్టి, తన సంహితలోని ఉత్తరతంత్రంలో కోయాల్సిన రోగాల్లోనే చేర్చాడు మరి!

చిక్కంతా మూడోదానితో. వయసు మళ్లినవాళ్లకు కోసిన చోటే గడ్డ మళ్లీ లేస్తే, అక్కడి వెంట్రుకలు రాలితే, అది కురుపు వేషంలో వచ్చిన నూనెగ్రంథి క్యాన్సర్ కావచ్చు. పాశ్చాత్య దేశాల్లో అరుదైన ఈ రకానికి మన దేశపు రెప్ప క్యాన్సర్లలో పెద్ద వాటా ఉంది. చేయి తిరిగిన సర్జన్ కూడా చూపుతో పోల్చుకోలేక పొరబడతాడు. అందుకే అనుమానం తగిలితే తన కంటిని తాను నమ్మడు. తీసిన ముక్కను ప్యాథాలజీకి పంపి, మైక్రోస్కోపు ఏం చెబుతుందోనని ఆగుతాడు. ఉంగరం పెట్టేవాళ్లను మానని కురుపుల లెక్క అడిగి చూడండి, ఎవరి దగ్గరా ఉండదు. ఉంగరాన్నే నమ్ముకుని కూర్చుంటే ఈలోగా గడ్డ ముదురుతుంటుంది. మెహదీపట్నంలో సర్కారు సరోజినీదేవి కంటి ఆసుపత్రి బడంగ్‌పేట్ నుంచి ఎంతో దూరం కాదు.