ఫీజు కట్టకముందే అడగండి

పరీక్షల ఫలితాలు వచ్చాయంటే చాలు, బస్టాండ్ గోడలకూ చౌరస్తాల్లోని కరెంటు స్తంభాలకూ కొత్త కాగితాలు అంటుకుంటాయి. "ఏడాదిలో టీచర్ డిగ్రీ. క్లాసులకు రానక్కర్లేదు. ఐటీఐ, ఒకేషనల్ కాలేజీల్లో ఉద్యోగం ఖాయం." కింద ఒక సెల్ నంబరు. యూనివర్సిటీ పేరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు.

ఆ నంబరుకు ఫోన్ చేయబోతున్న తమ్ముడూ, చెల్లీ, ఒక్క నిమిషం ఆగండి. మీరు ఫిట్టరో, ఎలక్ట్రీషియనో, డిప్లొమానో చదివారు. మన మెదక్ జిల్లాలో తూప్రాన్, మనోహరాబాద్ వైపు ఫ్యాక్టరీ షెడ్లలో నాలుగేళ్లు చెమటోడ్చారు. నేర్చిన పని నలుగురికి నేర్పుదామనుకున్నారు. బంగారం లాంటి ఆలోచన. ఆ ఆలోచననే ఆసరా చేసుకుని మీ జేబులో చెయ్యి పెట్టేవాళ్లున్నారు. నా భయమంతా అదే.

మొదటి సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఐటీఐలో ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే కావాల్సింది బీఈడీ కాదు, ఎన్‌సీఐసీ. అంటే నేషనల్ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్. దానికి దారి సీఐటీఎస్ అనే ఏడాది శిక్షణ. నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీటీ. దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష. ఒక ట్రేడ్‌కు ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లుంటే ఒకరిది డిగ్రీ లేదా డిప్లొమా, ఇంకొకరిది ఐటీఐ లేదా అప్రెంటిస్ సర్టిఫికెట్ కావచ్చు గానీ, ఇద్దరికీ ఎన్‌సీఐసీ ఉండి తీరాలని డీజీటీ సిలబస్ పుస్తకాల్లోనే రాసి ఉంది. మనకు దగ్గర్లో ఈ శిక్షణ ఇచ్చే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. విద్యానగర్‌లో ఒక ఎన్‌ఎస్‌టీఐ (జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ), రామంతాపూర్‌లో ఒకటి. పాతవాళ్లకు ఏటీఐ అనే పాత పేరు చెబితే తొందరగా తెలుస్తుంది.

మిగతా కాగితాలన్నీ పనికిరానివని కాదు. దేని కొలువు దానిది. డ్రాయింగ్, టైలరింగ్, ఎంబ్రాయిడరీ నేర్పాలనుకునేవాళ్లకు ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలున్నాయి, 42 రోజుల వేసవి టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ ఉంది. బడిలో సబ్జెక్టు టీచర్‌కు రెండేళ్ల బీఈడీ ఉంది, దానికి టీచర్ల చదువును పర్యవేక్షించే ఎన్‌సీటీఈ గుర్తింపు కావాలి. బీవొక్ అనేది మూడేళ్ల నైపుణ్య డిగ్రీ. అది పని నేర్పుతుంది, పాఠం చెప్పడం నేర్పదు. ఒకప్పుడు మైసూరు ప్రాంతీయ విద్యా కళాశాలలో టెక్నాలజీ టీచర్ల కోసమే నాలుగేళ్ల డిగ్రీ ఉండేది. 1960లలో మొదలైన ఆ కోర్సు తర్వాత ఆగిపోయింది. అమెరికాలోనైతే 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టం నుంచే వృత్తివిద్య టీచర్ల శిక్షణకు ప్రభుత్వ నిధులిచ్చారు, అక్కడి యూనివర్సిటీలు దానికోసం డిగ్రీలే పెట్టాయి. మన దగ్గర ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ జాగాలో పిచ్చిమొక్కలు మొలిచినట్టు, అక్కడే ఏజెంట్లు పుట్టుకొచ్చారు.

కాగితం తప్పయితే ఏమవుతుందో మన కళ్లముందే జరిగింది. 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ అనుమతి లేకుండా నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద తీర్పు అది. 2001-05 మధ్య చేరినవాళ్లను మళ్లీ పరీక్ష రాయమంది. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఆ డిగ్రీలతో ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. 2023 ఆగస్టు 11న ఇంకో తీర్పు వచ్చింది. ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకు బీఈడీ చెల్లదంది. అక్కడ డిగ్రీ అసలైనదే, చదువూ నిజమే. అయినా ఆ కొలువుకు అది సరిపోలేదు. అసలు డిగ్రీకే అట్లా అయితే, గోడ మీది కాగితానికి దిక్కెవరు?

అందుకని ఈ గుర్తులు కనబడితే వెనక్కి తిరగండి.

క్లాసుకు రానక్కర్లేదంటే అనుమానించండి. వర్క్‌షాప్ లేకుండా వర్క్‌షాప్ సారును తయారు చేసే విద్య ఎక్కడా లేదు.

పాత తేదీ వేసి సర్టిఫికెట్ ఇస్తామంటే అక్కడినుంచి లేచి రండి. నకిలీదని తెలిసీ దాన్ని ఉద్యోగానికి పెడితే, అమ్మినవాడితో పాటు మీరూ నేరస్థులవుతారు.

ఫీజు ఎవరో ఒకరి సొంత ఫోన్‌పే నంబరుకు వేయమంటే వేయకండి. యూనివర్సిటీ పేరు మీద రసీదు అడగండి.

పదో తరగతి, ఐటీఐ మెమోల అసలు కాగితాలు దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వకండి. ఒకసారి చేతులు మారితే వాటి కోసం మీరే బతిమాలాల్సి వస్తుంది.

వేరే రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీకి ఇక్కడ స్టడీ సెంటర్ అంటే రెండుసార్లు ఆలోచించండి. డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ప్రకారం ఏర్పడిన యూనివర్సిటీకో, డీమ్డ్ హోదా ఉన్న సంస్థకో, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థకో మాత్రమే ఉంటుంది. నకిలీ యూనివర్సిటీల జాబితాను యూజీసీ తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. ఫోన్ చేతిలో ఉంది కదా, చూడండి.

ఉద్యోగానికి మాది గ్యారంటీ అన్నారా, ఇక అడగాల్సిందేమీ లేదు.

పోయేది మీ డబ్బొక్కటే అయితే నేను ఇంతగా చెప్పకపోదును. లేత్ మిషన్ ముందు నిలబడిన పదహారేళ్ల పిల్లవాణ్ని తలుచుకోండి. లేత్ చక్‌లో ఇనుప ముక్క బిగించాడు. చక్ కీ తీయడం మరిచిపోయాడు. స్విచ్ వేస్తే ఆ ఇనుప కీ తూటాలా ఎగురుతుంది. శిక్షణ పొందిన సారు మొదటి రోజే ఒక అలవాటు పెడతాడు. కీ చక్‌లో ఉన్నంతసేపూ దాని మీదినుంచి చెయ్యి తీయొద్దంటాడు. చొక్కా చేతులు మడిపిస్తాడు. తిరిగే మిషన్ దగ్గర గ్లౌజులు వద్దంటాడు. గ్రైండర్ ముందు కళ్లద్దాలు లేకుండా నిలబడనివ్వడు. తను చేసి చూపించి, పిల్లలతో చేయించి, తప్పు దిద్దుతూనే ఇరవై మంది చేతుల మీదా కన్నేసి ఉంచుతాడు. ఇదంతా ఏడాది పాటు కూర్చుని నేర్చుకునే విద్య. కాగితం కొనుక్కున్న మనిషికి అది ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు ఇంకో తొందర ఉంది. 2024లో మన తెలంగాణ రాష్ట్రం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను రూ.2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. రోబోలు, కంప్యూటర్‌తో నడిచే మిషన్లు వస్తున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే చేతిపని పరిచయం చేయమంటోంది. మిషన్ డబ్బు పెడితే వస్తుంది. సారు అట్లా రాడు. అవసరం ఎక్కువ, శిక్షణ పొందినవాళ్లు తక్కువ ఉన్నచోటే నకిలీ కాగితం చెల్లుబాటవుతుంది.

ప్రైవేటు ఐటీఐ యాజమాన్యాలకు ఒక మనవి. ఎన్‌సీఐసీ ఉన్నవాళ్లకే పని ఇవ్వండి, జీతం కాస్త ఎక్కువైనా సరే. మీ దగ్గర ఇప్పటికే పనిచేస్తూ అది లేనివాళ్లుంటే శిక్షణకు పంపండి. తల్లిదండ్రులారా, పుస్తెలతాడు తాకట్టు పెట్టే ముందు పిల్లవాడిని ఒక్క ప్రశ్న అడగండి. ఈ కాగితం ఏ కొలువుకు, ఏ నోటిఫికేషన్ ప్రకారం చెల్లుతుంది? అతని దగ్గర జవాబు లేకపోతే తాడు మెడలోనే ఉండనివ్వండి.

తమ్ముడూ, చెల్లీ, మీకు దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి ప్రిన్సిపాల్ గారిని ఇదే ప్రశ్న అడగండి. అప్పటికీ మనసు ఒప్పకపోతే పొద్దున్నే మెదక్‌లో బస్సెక్కండి, మధ్యాహ్నంలోపు హైదరాబాద్ విద్యానగర్‌లోని ఎన్‌ఎస్‌టీఐలో ఉంటారు. అక్కడి వర్క్‌షాప్ చూడండి, నోటీసు బోర్డు చదవండి, ఆఫీసులో అడగండి. ఆ రోజు మీకయ్యే ఖర్చు మహా అయితే బస్సు చార్జీ ఒక్కటే.