సభ్యత్వం సరే, మాట ఏది?

బార్ అసోసియేషన్ ఎన్నికలు వచ్చాయంటే కోర్టు ఆవరణలో మహిళా లాయర్లకు ఎక్కడ లేని గౌరవం వస్తుంది. రాజమండ్రి కానీ, ఏలూరు కానీ, అమలాపురం, నరసాపురం కానీ, "మేడమ్, ఈసారి మీ ఓటు మాకే" అంటూ చెట్టు కిందికీ, టైపిస్టు బల్ల దగ్గరికీ వెతుక్కుంటూ వస్తారు. ఫలితాలు వచ్చాక కార్యవర్గం జాబితా చూడండి. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అని వరసగా మగవాళ్ల పేర్లు. అట్టడుగున "మహిళా ప్రతినిధి" అని ఒక్క పేరు. చాలా ఊళ్లలో ఇదే వరస. ఆ ప్రతినిధికి అప్పజెప్పే పనేమిటయ్యా అంటే, మార్చి 8న ముగ్గుల పోటీ పెట్టించడం.

ఇదంతా లాయర్ల ఇంటి గొడవ, మనకెందుకు అని మన సంఘాల్లో చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడానికి వీల్లేదు. దెబ్బలు తిన్న మనిషిని మనం చివరికి తీసుకువెళ్లేది ఆ కోర్టుకే. 2005 గృహహింస చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టిన మూడు రోజుల్లో మొదటి విచారణ తేదీ వెయ్యాలి, మొదటి విచారణ నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. వాస్తవంలో జరిగేది మీకు తెలుసు. లంక గ్రామం నుంచి పంటు దాటి, బస్సెక్కి, ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి "ఈవేళ లాయర్లు విధులు బహిష్కరించారమ్మా, వాయిదా పడింది" అని చెబుతారు. బహిష్కరణకు పిలుపిచ్చేది ఎవరు? బార్ అసోసియేషన్. లాయర్లకు సమ్మె చేసే హక్కు లేదని 2002లో హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందన్న సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తుండదు.

బార్ తలచుకుంటే ఏం చేయగలదో ఈ మధ్యనే చూశాం. ఆంధ్రప్రదేశ్ భూయాజమాన్య హక్కుల చట్టం మీద 2023 చివర్లో, 2024 మొదట్లో రాష్ట్రమంతటా లాయర్లు కోర్టులు వదిలి రోడ్డెక్కారు. భూమి తగాదాలను సివిల్ కోర్టుల చేతుల్లోంచి తీసి అధికారులకు అప్పగించడం కుదరదన్నారు. ఆ మాట ఊళ్లలోకి పాకింది, ఎన్నికల అంశమైంది, 2024 జూలైలో శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఒక వృత్తి సంఘం సమాజపు ఆలోచనను నడిపించడమంటే అదే. కాదనను.

కానీ ఆ చర్చలో ఆడపిల్ల వాటా ఎక్కడుంది? రిజిస్టరులో ఒకరి పేరు ఎక్కాక రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే తిరుగులేని హక్కు అవుతుందన్నది ఆ చట్టం పద్ధతి. అభ్యంతరం చెప్పలేనివాళ్లు మన డెల్టాలో ఎవరు? అన్నదమ్ముల మీద నోరెత్తని అక్కచెల్లెళ్లు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయినా కాకపోయినా ఆ హక్కు ఉందంది. 2020లో వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిపరచింది. ఇన్ని జరిగినా, కాలవ కింద ఎకరం కోట్లు పలుకుతున్న చోట "కట్నం ఇచ్చి పంపాం కదా, పుట్టింటి గడప తొక్కవద్దా?" అన్న ఒక్క మాటతో ఆ వాటా కొట్టుకుపోతోంది. ఈ కేసుల కాగితాలు రోజూ చూసే మహిళా లాయర్లు ఈ సంగతిని చర్చ మధ్యలోకి తెచ్చి ఉంటే ఆ ఉద్యమం ఇంకా పెద్దదయ్యేది. అదే నెలల్లో ఎన్ని మనోవర్తి కేసులు వాయిదాల్లో పడ్డాయో కూడా ఎవరైనా లెక్క రాసి పెట్టవలసింది.

సంఖ్య పెరిగితే అన్నీ అవే సర్దుకుంటాయని కొందరి నమ్మకం. సంఖ్య అవసరమే. దేశంలో ఉన్న 17 లక్షల మంది లాయర్లలో స్త్రీలు 15 శాతమేనని, రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఎన్నికైనవారిలో 2 శాతమేనని 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ అన్నారు. 2024 మే నెలలో సుప్రీంకోర్టు తన బార్ అసోసియేషన్ కార్యవర్గంలో మూడోవంతు స్త్రీలకు కేటాయించమంది. మరుసటి ఏడాది బెంగళూరు న్యాయవాదుల సంఘంలో కోశాధికారి పదవిని స్త్రీలకు రిజర్వు చేసింది, 2025 డిసెంబరులో రాష్ట్ర బార్ కౌన్సిళ్లలో 30 శాతం ఉండాలంది. మంచిదే. ఒక్కటి గమనించండి, ఇవన్నీ కోర్టు చెబితే వచ్చినవి. సోదర లాయర్లు సభ పెట్టి తీర్మానించి ఇచ్చినవి కావు. అలా వచ్చిన కుర్చీలో కూర్చున్నామె కార్యదర్శి చెప్పినచోట సంతకం పెడుతుందా, తనే తీర్మానం రాస్తుందా అన్నది మనం ఇప్పటినుంచే పట్టించుకోవాలి.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఏ బార్‌కూ మహిళా ప్రతినిధి కాదు. మద్రాసులో లాయరుగా పనిచేశారు, రాజ్యాంగ సభలో మాట్లాడారు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, మనకూ అవి కావాలని న్యాయమూర్తులతోనూ నెహ్రూతోనూ చర్చించారు. చట్టం 1984లో గానీ రాలేదు. ముప్పై ఏళ్లు పట్టినా ఆలోచన బయల్దేరింది ఒక స్త్రీ దగ్గర.

ఇవాళ్టి అమ్మాయిలు నల్లకోటు వేసుకున్న మూడు నాలుగేళ్లకే వృత్తి వదిలేస్తున్నారంటే ఆశ్చర్యపోతాం ఎందుకు? సీనియరు దగ్గర నెలల తరబడి జీతం ఉండదు, పసిబిడ్డను పడుకోబెట్టే చోటు ఉండదు. సరైన మరుగుదొడ్డి గురించి ఇంకా మాట్లాడవలసి రావడమే సిగ్గుచేటు. ఎన్‌రోల్‌మెంటు ఫీజు 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకు 125కు మించి వసూలు చేయరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పాక కూలి ఇళ్ల పిల్లలకు కాస్త దారి తెరుచుకుంది. లోపలికి వచ్చాక వాళ్లను నిలబెట్టవలసింది సంఘం.

అందుకని మన కార్యకర్తలకూ, మనకు తెలిసిన మహిళా లాయర్లకూ ఒక పని. నెలకోసారి కలిసి, కోర్టు కోర్టుకూ గృహహింస కేసులు ఎన్ని రోజులు పడుతున్నాయో, ఏ కారణాన వాయిదా పడుతున్నాయో రాయండి. ఆ కాగితంతో బార్‌ను ఒక తీర్మానం అడగండి. ఏ బహిష్కరణ జరిగినా గృహహింస కేసులూ, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షనుగా మారిన మనోవర్తి కేసులూ ఆగకూడదు. బార్ అసోసియేషన్లన్నీ విశాఖ మార్గదర్శకాలు పాటించాలని 2012లో మేధా కొత్వాల్ లేలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బార్‌లో ఫిర్యాదుల కమిటీ ఉందా, ఉంటే అందులో ఎవరున్నారు, ఆ పేర్లు గోడ మీద రాసి ఉన్నాయా? అదీ అడగండి. సర్వసభ్య సమావేశం అజెండాలో ఒక అంశం పెట్టించాలంటే ఎంతమంది సంతకాలు కావాలో మీ ఊరి బార్ నియమావళిలో చూడండి. ప్రతి అడిగి తీసుకుని, ఓటడగడానికి వాళ్లు వచ్చేలోపే చదివి పెట్టుకోండి.